రేపల్లె మాస్టారిని చంపిన సాఫ్ట్‌వేర్

తెనాలిలో ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఒక కంపెనీలో నేను ఫిర్యాదులు చూసేదాన్ని. బాపట్ల నుంచి రేపల్లె దాకా జనం వాట్సాప్‌లో పెట్టే మెసేజీలన్నీ నా ముందుకే వచ్చేవి. కొల్లూరు దగ్గర అరటిగెలల లారీ తగిలి వైరు తెగిందంటే లైన్‌మెన్‌కి, బిల్లు గొడవైతే అకౌంట్స్‌కి పంపేదాన్ని. మనిషి చదివితే ఆలస్యమవుతోందని మా మేనేజరుగారు తెలుగు అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్ తెప్పించారు. మెసేజీ చదివి, అది ఏ విభాగానికి పోవాలో తానే పంపేస్తుందట. కంప్యూటర్‌కి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పనిలో పనిగా అక్షరాభ్యాసం కూడా చేయించి ఉండాల్సింది.

మా వైపు జనం తిట్టేటప్పుడు కూడా 'అండి' వదలరు. దాంతో సాఫ్ట్‌వేర్‌కి అందరూ మంచివాళ్లే అయిపోయారు. "మీ సర్వీసు బ్రహ్మాండమండి, పిల్లలు హాయిగా పుస్తకాలు చదువుకుంటున్నారు" అని బాపట్ల నుంచి ఒకావిడ పెడితే, దాన్ని మెచ్చుకోళ్లలో వేసింది. మేనేజరుగారు ప్రింటు తీయించి గోడకి అంటించారు.

ఆ తర్వాత రేపల్లెలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారికి నెట్ ఆగిపోయింది. ఎవరూ పలక్కపోయేసరికి విసిగిపోయి, "మీకు ఫోన్ చేసీ చేసీ చచ్చానండి" అని రాశారు. సాఫ్ట్‌వేర్ ఆ ఆఖరి మాట పట్టుకుంది. చందాదారు పోయారని తేల్చుకుని, మెసేజీని పేరు మార్పిడి విభాగానికి తోసింది. అక్కడినుంచి ఆయన ఫోనుకే సంతాపం వెళ్లింది, మరణ ధ్రువీకరణ పత్రం పంపమన్న మాటతో సహా. ఫిర్యాదు మాత్రం 'పరిష్కారమైంది' అని మూసేశారు.

మర్నాడు ఆయన రైలెక్కి మా ఆఫీసుకొచ్చారు. నా ముందు కూర్చుని ఫోన్ చూపించారు.

"ఈ పత్రం ఎక్కడిస్తారమ్మా? నేనే వెళ్లి అడిగితే ఇస్తారంటావా?"

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. మేనేజరుగారి గదిలోకి తీసుకెళ్లాను. ఆయన కాఫీ తెప్పించి, తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదని, జనం స్పష్టమైన తెలుగు రాస్తే ఏ ఇబ్బందీ ఉండదని చాలాసేపు వివరించారు.

"బతికుండి చచ్చానని రాయడమేంటి మాస్టారూ?"

"మీ కనెక్షన్ తీసుకున్నాక రెండింటికీ తేడా తెలియట్లేదండి," అన్నారు మాస్టారు, కాఫీ ముట్టుకోకుండా.

తీరా చూస్తే, పోయినవాళ్లని మళ్లీ బతికించే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. తయారుచేసినవాళ్లని అడిగితే, ఇప్పటిదాకా ఎవరికీ ఆ అవసరం రాలేదన్నారు. చివరికి మాస్టారి భార్య పేరున కొత్త కనెక్షన్ ఇచ్చాం. ఫారంలో భర్త పేరు ముందు 'కీర్తిశేషులు' అని సాఫ్ట్‌వేరే వేసుకుంది. నేను ఆవిడకి ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

"పోన్లేమ్మా," అందావిడ. "ఇప్పుడు పాస్‌వర్డ్ నా దగ్గరుంది. వార్తలు చూడాలంటే ఆయన నన్నే అడగాలి."

నెలాఖరు మీటింగులో, ఫిర్యాదులు బాగా తగ్గాయని మేనేజరుగారికి శాలువా కప్పారు. తగ్గిన మాట నిజమే. రేపల్లెలో చాలామంది అప్పటికే వేరే కంపెనీకి మారిపోయారు.