పక్కసీటు తిట్టని రోజు

మా బావ కారు నడుపుతుంటే ఊరే పక్కకి జరిగి దారి ఇచ్చేదంటే ఎవరూ నమ్మరు. ఎదురొచ్చే బండి హారన్ విని, ఆ డ్రైవరు ఇంట్లో గొడవపడి వచ్చాడో నవ్వుతూ వచ్చాడో చెప్పేసేవాడు. ఇదీ నమ్మరు. సరే, కాస్త తగ్గిస్తాను. తల నెరిసేదాకా అద్దెకారు నడిపిన ఆ మనిషి, ఒక్కనాడు కూడా అద్దం దించి ఎవరినీ దారి అడగలేదు. ఇది మాత్రం అచ్చమైన నిజం. నేను ఏడో తరగతిలోనే చదువు మానేసినవాణ్ణి, నా మాట నమ్మొచ్చు. అబద్ధాలు అందంగా చెప్పడం పై తరగతుల్లో నేర్పుతారట, నేను అంతదాకా వెళ్ళలేదు.

అయితే బావ బుర్రలో ఉన్నది పాత ఊరు. ‘దారపు మిల్లు దగ్గర కుడి, కాలిపోయిన సినిమా హాలు దాటి ఎడమ’ అంటాడు. మిల్లూ లేదు, హాలూ లేదు. పైగా కొత్త వంతెన పని మొదలయ్యాక రోజుకో వీధి తవ్వేస్తున్నారు. నిన్న వెళ్ళిన దారిలో ఇవాళ ఎదురు బళ్ళొస్తాయి. అందుకని ఆయన ముందురోజే మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, మర్నాటి దారంతా దుప్పటి మీద వేలితో నడుపుకునేవాడు.

“దుప్పటి చిరుగుతుంది, బ్రేకెయ్యండి” అనేది మా అక్క.

ఆయన నవ్వేవాడు కాదు. నవ్వడానికీ ఓపిక ఉండాలి కదా.

ఇంత తిప్పలూ టీచరమ్మ కోసం. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. కిడ్నీలు చేతులెత్తేశాయి. రోజు విడిచి రోజు పొద్దున్నే డయాలసిస్‌కి తీసుకెళ్ళేది బావే. తవ్వకాల్లో ఇరుక్కుని అప్పటికే రెండుసార్లు ఆలస్యం చేశాడు. రెండోసారి నర్సు ఆవిడని లోపలికి పంపి, బావని పక్కకి పిలిచింది.

“ఇంకొక్కసారి ఆలస్యమైతే ఈ మంచం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారండీ. బయట ఎంతమంది కాచుకున్నారో చూస్తున్నారుగా. మళ్ళీ ఖాళీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను.”

ఆ పూట బావ కంచం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తలేదు.

“చెప్పానా? ఎవరినైనా అడిగి వెళ్ళమని చెప్పానా, లేదా?” అంది అక్క. బావ పక్కసీటులో కూర్చున్నా, ఎదురుగా కూర్చున్నా ఆవిడది ఒకటే పాట.

ఇలాంటప్పుడే కదా నాలాంటి మేధావి అవసరం! వెళ్ళి జీపీఎస్ పెట్టె ఒకటి తెచ్చి కారు ముందద్దానికి అంటించాను. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు మనం ఎక్కడున్నామో దీనికి చెబుతాయనీ, ఏ వీధి మూసేశారో, ఎక్కడ బళ్ళు ఆగిపోయాయో, ఎన్నింటికి చేరతామో ఇది మనకి చెబుతుందనీ వివరించాను. ఆ ఉపగ్రహాలని ఎగరేసేటప్పుడు ఒక చెయ్యి నేనూ వేశానన్నట్టే చెప్పాను.

“నా కారులో నాకు దారి చెప్పేవాళ్ళా?” అన్నాడు బావ.

అయినా ఖాళీ బండితో ఓ చుట్టు తిప్పాడు. పెట్టె కుడి అంటే ఎడమకి పోయాడు. ఎడమ అంటే నేరుగా పోయాడు. పెట్టెలోని ఆడగొంతు రేడియోలో వార్తలు చదివినట్టు ప్రతిసారీ కొత్త దారి చెప్పింది. బావ మొహం మెల్లగా మారింది.

“ఒరేయ్ బామ్మర్దీ, ఇది తిట్టదేంట్రా?”

“దానికి పెళ్ళి కాలేదు బావా.”

మర్నాడు టీచరమ్మ వెనకసీట్లో, వాచిన కాళ్ళు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కూర్చుంది. పెట్టె మూర్ఛపోతే పట్టుకోవడానికని బావ నన్నూ ఎక్కించుకున్నాడు. సగం దూరం వెళ్ళాక, ఎడమ సందులోకి తిరగమంది పెట్టె.

“అక్కడ మిల్లు గోడ అడ్డం. సందు లేదు” అని బావ నేరుగా పోనిచ్చాడు.

మలుపు దాటగానే ఎర్ర రేకులు, గొయ్యి, అవతల మట్టి తోడే యంత్రం. పెట్టె మీద, మేం చేరే టైము ఒక్కసారిగా పెరిగిపోయింది. బావ స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి కదలకుండా ఉండిపోయాడు. అంత ముసలివాడిగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

“వీలైన చోట వెనక్కి తిరగండి” అంది పెట్టె. అంతే. మా అక్కలా ‘చెప్పానా?’ అనలేదు.

“మీరైనా నాలుగు తిట్టండి టీచరమ్మా” అన్నాడు బావ, అద్దంలోకి చూడకుండా.

“జన్మంతా తిట్టే ఉద్యోగమే చేశానయ్యా. రిటైరయ్యాక కూడానా? ముందు బండి తిప్పు.”

తిప్పాడు. ఆ సందు దగ్గరికొచ్చి చూస్తే గోడ లేదు. దాన్ని పడగొట్టి ఎన్నాళ్ళైందో, అక్కడ నున్నటి రోడ్డు పడి, దాని మీద చారలు కూడా వెలిసిపోయాయి. బావ ఆ గోడని ఇన్నాళ్ళూ ఒక్కడే మోస్తున్నాడన్నమాట. ఇక ఎదురు చెప్పలేదు. పెట్టె కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. బళ్ళతో నిండి పెట్టెలో ఎర్రగా కనబడుతున్న పెద్దరోడ్డుని తప్పించి, ఏవో పెరళ్ళ వెనకనుంచి మమ్మల్ని ఆసుపత్రి గేటు ముందు తేల్చింది.

నర్సు గోడ గడియారం చూసింది, టీచరమ్మని చూసింది.

“రండి, మీ మంచం ఇంకా ఎవరూ ఎక్కలేదు” అంది.

మామూలుగా అయితే డయాలసిస్ అయ్యే ఆ నాలుగు గంటలూ బావ కారులో కూర్చుని, తిరుగుదారిని తొడ మీద వేలితో నడుపుకుంటాడు. ఆ రోజు సీటు వెనక్కి వాల్చాడు.

“తిరుగుదారి దానికి తెలుసునంటావా?”

“తెలుసు బావా.”

“పెద్దరోడ్డు ఖాళీ అయిందో లేదో కూడా?”

“అదీ చెబుతుంది.”

“అయితే నేనేం గుర్తుపెట్టుకోనక్కర్లేదన్నమాట” అన్నాడు. అంటూనే నిద్రపోయాడు. ఆ గురకకి ఆసుపత్రి అద్దాలు గలగలలాడాయంటే మీరు నమ్మరు, వదిలెయ్యండి.

టీచరమ్మ బయటికొచ్చింది. రసం పిండేసిన నిమ్మచెక్కలా ఉంది. బావని లేపబోయాను.

“లేపకు నాయనా. కాస్త పడుకోనీ” అంది.

చప్పుడు కాకుండా తలుపు తీసి, వెనకసీట్లో కూర్చుని ఆవిడా కళ్ళు మూసుకుంది. నేను బావ పక్కసీట్లో మాట్లాడకుండా కూర్చున్నాను. నేనంతసేపు నోరు మూసుకున్నానంటే, ఇది మాత్రం మా అక్క కూడా నమ్మలేదు.