కల రాలేదన్న కరీం

కలల పుణ్యమా అని గద్దెనెక్కిన సుల్తానుల కథలు క్లాసులో చెప్పడం నాకు మహా ఇష్టం. కలలో ఒకాయన ఛాతీలోంచి చెట్టు మొలిచి లోకమంతా నీడ పరిచిందట. ఇంకొకాయన నడుముకు ఎవరో వలీ, అంటే ముస్లిం సాధువు, కలలో కత్తి కట్టాడట. కలకు సాక్షులుండరు, కాదనే ధైర్యమూ ఎవరికీ ఉండదు. రాజ్యం పోగొట్టుకుని రంగూన్‌లో కన్నుమూసిన ఒక నవాబు దర్గా ఆ ఊళ్లోనే అహ్లోన్ పేటలో ఉందని విని, కలలేవీ కాపాడలేని ఆ దొరను చూద్దామని బయల్దేరాను.

రంగూన్ మింగళాడోన్ విమానాశ్రయంలో పొద్దున్నే దిగాను. టాక్సీ డ్రైవరు కో అప్పలరాజు మన తెలుగువాడే. 'కో' అంటే అక్కడ అన్న అన్నట్టు. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చారట. బేరం ముందే ఆడుకున్నాం. దారిలో ఒక కొట్టు దగ్గర ఆగి, సేమ్యాలాంటి దాని మీద చేపల పులుసు పోసిన మొహింగా తిన్నాం. ఇన్సేన్ పేట రద్దీ దాటి, పాత బియ్యం మిల్లుల పక్కనున్న దర్గాకు చేరేసరికి మధ్యాహ్నమైంది.

లోపల దర్గా పెద్దలు కూర్చుని ఉన్నారు. వాళ్ల బర్మా మాటలు అప్పలరాజు నాకు తెలుగులో చెబుతూ వచ్చాడు. దర్గాను చూసుకునే ముజావరు పోయాడు, తాళాలు ఎవరికివ్వాలో ఆ రోజే తేల్చాలి. తాళాలతో పాటు వెనక గదిలో కాపురం కూడా దక్కుతుంది. పోయినాయన మేనల్లుడు, నవాబు కలలోకొచ్చి తాళాలు తన చేతికిచ్చాడని చెప్పాడు. ఏళ్లుగా సమాధి ఊడుస్తూ ఆ గదిలోనే భార్యాపిల్లలతో ఉంటున్న కరీం వైపు పెద్దలంతా తిరిగారు. నీకూ ఏదైనా కల వచ్చిందా అని ఒకాయన మెత్తగా అడిగాడు. ఔనంటే చాలు, పాత మనిషని అతనికే ఇస్తారని అప్పలరాజు నా చెవిలో చెప్పాడు. గుమ్మం దగ్గర కరీం భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

రాలేదన్నాడు కరీం. తాళాలు మేనల్లుడికి వెళ్లాయి.

అతని కల నిజమో కాదో నాకు తెలియదు. బయట కరీంను పలకరించి, ఒక్క మాటతో గది నిలిచేది కదా అని అడగమని అప్పలరాజుతో అన్నాను. కరీం జవాబును అప్పలరాజు తెలుగులో చెప్పాడు: "రాజ్జెం పోయినా ఈ నవాబు కాడికి జనం ఒత్తన్నారు గదా. గది పోతే నాను రాడం మానెత్తానేటి, అంటన్నాడండి."

కరీం చీపురందుకుని లోపలికెళ్లిపోయాడు.

కలలు చెప్పుకుని రాజులైనవాళ్ల పాఠంలో, చెప్పుకోని ఈ మనిషి నాకిప్పుడు అందరికంటే పైన కనిపిస్తాడు. ఆయన్ను చూసినందుకే నా ప్రయాణం ధన్యమైంది.

మీరూ వెళ్తే తలకు కట్టుకోవడానికి ఒక రుమాలు తీసుకెళ్లండి, చెప్పులు మెట్ల కింద విడవండి. కరీం గురించి తాళాలు దక్కినాయన గది దగ్గర అడగొద్దు. సమాధి దగ్గర చీపురు పట్టుకుని కనిపిస్తాడు.