దేవుని కుండలో మా పిడికెడు

మా సండేస్కూలు టీచరమ్మ చనిపోయి చాలా ఏళ్ళయింది. చాలా మంచి మనిషని అందరూ అంటారు. సమాధి దగ్గర నేనూ అందరితో పాటు తల వంచుకుని నిలబడ్డాను. కానీ కోపం పోలేదు. క్షమించాలని ఆవిడే నాకు నేర్పింది, అది మాత్రం నాకు ఎక్కలేదు.

మాది కంబదూరు పక్కన ఒక పల్లె. ఊరికి ఎడంగా మా పేట, పేట చివర బండల కప్పు వేసిన చిన్న గుడి. చర్చిని మేము గుడి అనే అనేవాళ్ళం. డెబ్బైల చివర్లో వరసగా వానలు ఎగ్గొట్టాయి. వేసిన చెనక్కాయ చేలోనే మాడిపోయింది. నాయన పని వెతుక్కుంటూ బళ్ళారి వైపు వెళ్ళాడు, ఎన్నాళ్ళకూ కబురు లేదు. అమ్మ కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేది. కూలి కింద గోధుమలు ఇచ్చేవాళ్ళు. వాటిని ఎలా వండుకోవాలో మొదట్లో మాకు తెలియక జొన్నల్లాగే ఇసిరి సంగటి చేసుకున్నాం.

మా పొయ్యి పక్కన చిన్న మట్టి కుండ ఒకటి ఉండేది. దేవుని కుండ అనేవాళ్ళం. పేటలో ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండేది. వంటకు గింజలు తీసినప్పుడల్లా ఆడవాళ్ళు ముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేవాళ్ళు. ఆదివారం వాటిని సంచిలో పోసుకుని గుడికి తెచ్చి, జొన్నలైతే జొన్నల గంపలో, కొర్రలైతే కొర్రల గంపలో పోసేవాళ్ళు. మంచం పట్టినవాళ్ళకు, దిక్కులేని ముసలివాళ్ళకు అవి చేరేవి. ఎవరో ఒకావిడ కొంగు చాటున పట్టుకుపోయి ఇచ్చి వచ్చేది. ఎవరికి ఇచ్చిందో ఆమె చెప్పేది కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు.

నాకప్పుడు పదేళ్ళు. ఆకలికి ఓర్చుకునే వయసు కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మనకే లేదు గదమ్మా, ఇంగ దేవునికి యాడనుంచి తెస్తావు?"

"దేవుడొచ్చి తింటాడా యేమి? మనకన్నా లేనోళ్ళు ఉండారు, వాళ్ళకి."

"మనకన్నా లేనోళ్ళు యాడుండారు?"

"ఉంటారు. నోరు మూసుకో."

నాకు తెలిసిన మతబోధ అంతే. అమ్మకు చదువు రాదు. వాక్యం ఒక్కటీ పూర్తిగా అప్పజెప్పలేదు. కానీ ఆ కుండలో చెయ్యి పెట్టి రెండు గింజలు నోట్లో వేసుకున్నానని ఒకసారి వీపు చిట్లగొట్టింది.

ఆ తర్వాత కంకర పనిలో రాయి జారి అమ్మ పాదం మీద పడింది. పని పోయింది, గోధుమలు పోయాయి. పొయ్యి రోజుకు ఒక్కసారే వెలిగేది. అందుకని దేవుని కుండలో రోజుకు ఒక్క పిడికెడే పడేది. అది మాత్రం మానలేదు. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు కూడా. అడిగినవాళ్ళకు "బాగుండాం" అనేది.

అప్పుడే టీచరమ్మ వచ్చింది. మా గుడికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారి భార్య. టౌనులో చదువుకున్న మనిషి, తెల్లచీర, చేతిలో ఎప్పుడూ బొమ్మల అట్టలు. ఒక ఆదివారం పిల్లలందరినీ కూర్చోబెట్టి, "ఈ రోజు ఏమీ తినకుండా వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి" అంది. నేను ఎత్తాను. ఇంకా చాలామంది తినలేదని నాకు తెలుసు, వాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు. నాకు ఆ తెలివి లేకపోయింది. అబద్ధం చెప్పకూడదని అంతకు ముందు వారమే ఆవిడ చెప్పింది కదా, నేను నమ్మాను.

కోత లేని ఆ ఏడాది కూడా గుడిలో కోత పండుగ ఆగలేదు. ఈసారి పండుగ పిల్లల చేత చేయిస్తానంది టీచరమ్మ. గంపలన్నీ తీయించేసి మధ్యలో ఒక పెద్ద గంగాళం పెట్టించింది. "క్రీస్తులో మనమంతా ఒకటే. అందరి పిడికిళ్ళూ ఒక్కచోటే పడాలి" అంది. మేము వరసగా వచ్చి పోశాం. జొన్నలు, రాగులు, పొట్టు తీయని కొర్రలు, ఉలవలు, గోధుమలు, అన్నీ కలిసిపోయాయి. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జన్మలో ఒక్కరోజు పొయ్యి ముందు కూర్చున్న మనిషెవరూ ఆ పని చేయరు. కానీ అయ్యగారి భార్యకు చెప్పేదెవరు? బొమ్మల అట్టలో అలాగే ఉందేమో మరి!

ఆ గంగాళాన్ని పేదవాళ్ళ ఇంటికి మేమే మోసుకెళ్ళి ఇవ్వాలట. బాగా పాడతానని నన్ను ముందు నిలబెట్టి గంగాళం చెవి ఒకటి పట్టుకోమని నా చేతికిచ్చారు. గొంతు చించుకుని పాడుతూ నడిచాను. ఆ రోజు చెయ్యెత్తమని ఆవిడ ఎందుకు అడిగిందో మా సందు మలుపు తిరిగేదాకా నాకు అర్థం కాలేదు. మా గుడిసె ముందు టీచరమ్మ చెయ్యెత్తి ఆగమంది.

అమ్మ ద్వారబంధం పట్టుకుని బయటికొచ్చింది. పాదానికి పాత చీరగుడ్డ చుట్టి ఉంది.

"చూడండి పిల్లలూ, లేనివాళ్ళను ఆదుకోవడమంటే ఇదే" అంది టీచరమ్మ. తర్వాత అమ్మతో, "ఏమ్మా, పిల్లల కోసం ఒక్క మాట ప్రార్థన చెయ్యి. వాళ్ళకు సంతోషంగా ఉంటుంది" అంది.

అమ్మ ఆవిడ వైపు చూడలేదు, నా వైపు చూసింది. గంగాళం చెవి ఇంకా నా చేతిలోనే ఉంది. "దేవుడు మిమ్మల్నందరినీ సల్లగ సూడాల" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రోజూ నాతో అచ్చనగాయలు ఆడే పిల్ల మర్నాడు బడిలో, "నీకు కూడు పెట్టింది మేమే" అంది. దాని జుట్టు పట్టుకుని కొట్టాను, మేష్టరు నన్ను కొట్టాడు.

ఆ గింజలు వండడానికి కుదరవు. ఉలవలు ఉడికేసరికి మిగతావి జావవుతాయి. కొర్రలు దంచనిదే గొంతు దిగవు. అన్నీ కలిపి ఇసురుదామంటే రాళ్ళు. అమ్మ కుంటికాలు చాపుకుని చేట ముందేసుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. మూడు రోజులు ఏరాం. రాగులు చేట సందుల్లో ఇరుక్కునేవి. మెడలు పట్టేసేవి. సాయం చేస్తామని వచ్చినవాళ్ళు ఆకలిగా ఉన్న మనిషికి మూడు రోజుల పని పెట్టిపోయారు.

"మన పిడికెడు గూడా దీంట్లోనే ఉండాది, ఎతుకు" అని అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ అమ్మ "మనకన్నా లేనోళ్ళు" అన్నది ఎవరినైనా, ఇప్పుడు పేట అంతా ఆ మాట అంటున్నది మమ్మల్నేనని నాకు తెలిసిపోయింది. అమ్మకూ తెలిసే ఉంటుంది. అయినా ఏరిన జొన్నలు మొదటిసారి ఇసరబోతూ ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసింది.

మళ్ళీ ఆదివారం సంచి పట్టుకుని నా భుజం మీద చెయ్యి వేసుకుని గుడి దాకా కుంటింది. గంగాళం ముచ్చటగా ఉందని టీచరమ్మ అదే ఉంచేసింది. ఆడవాళ్ళు వరసగా పోస్తున్నారు. అమ్మ వంతు వచ్చింది. సంచి మూతి విప్పగానే టీచరమ్మ గంగాళం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మీరెందుకమ్మా వెయ్యడం? మీకే ఇస్తున్నాం కదా. తీసుకెళ్ళి పిల్లకు వండి పెట్టు."

ఎంత మెత్తగా అందో! తిట్టినా బాగుండేది. ఆ చెయ్యి అలాగే ఉంది, గాజులతో, శుభ్రంగా. అమ్మ సంచి మూతి మళ్ళీ కట్టబోయింది, ముడి పడలేదు. గడప ముందు నిలబెట్టినప్పుడు రాని కన్నీళ్ళు ఆమెకు అప్పుడొచ్చాయి. ఆకలేస్తున్నా మా అమ్మ పేటలో తలెత్తుకుని తిరిగింది ఆ పిడికెడు ఇవ్వగలుగుతున్నందుకే. అది కూడా లాగేసుకుంటోంది ఈవిడ, పుణ్యం పేరుతో.

నేను సంచి లాక్కున్నాను. టీచరమ్మ చెయ్యి తోసేసి మొత్తం గంగాళంలో గుమ్మరించాను. రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టి కలిపేశాను.

"ఇప్పుడు మావి యావో ఏరి మాకియ్యి టీచరమ్మా!" అని అరిచాను.

టీచరమ్మ గంగాళం వైపే చూస్తూ ఉండిపోయింది. అయ్యగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. అమ్మ నా చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

దారిలో రెండు దెబ్బలు వేసింది. "పెద్దోళ్ళతో అట్ల మాట్లాడతారా? సిగ్గులేదా నీకు?" అంది. నేను ఏడవలేదు. చింతచెట్టు దాటాక అమ్మ ఆగి, ఖాళీ సంచి నా చేతిలోంచి తీసుకుని తిరగేసి దులిపి చూసింది.

"అంతా పోసినావా? ఏమన్నా మిగిలిందా?"

"అంతా పోసినా."

"సరే, పా" అని మళ్ళీ నా భుజం మీద చెయ్యి వేసింది.