ఆడి నెలలో పచ్చిలై నూనె

కొత్తగా పెళ్ళయిన మగవాడంత తెలివితక్కువ ప్రాణి ఆ కాలపు రాజపాళయంలో ఇంకొకటి ఉండేది కాదు. పరాయివాళ్ళను అనడం లేదు, నా సంగతే చెబుతున్నాను. నేనప్పుడు ఆస్పత్రులకు పోయే కట్టుగుడ్డ మిల్లులో, గుడ్డను తెల్లబరిచే తొట్ల దగ్గర పనిచేసేవాణ్ణి. ఎంత రుద్దుకున్నా ఆ మందు ఘాటు ఒంటిని వదిలేది కాదు. పెళ్ళయిన నెలలో మా ఇంటిది నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు, దగ్గరికి పోతే మొహం తిప్పుకునేది. ఇంతలో ఆడి నెల వచ్చింది (మీరు ఆషాఢం అంటారు). వాళ్ళమ్మ వచ్చి చోళపురం తీసుకుపోయింది. పోతూ వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఈ ఘాటు పడకే నేనంటే ఇష్టం లేదేమోనని నాకు దిగులు పట్టుకుంది, అన్నం సయించలేదు.

నా అవస్థ చూడలేక, తోటి పనివాడొకడు మదురై నుంచి చిన్న సీసాడు పచ్చిలై నూనె తెచ్చిచ్చాడు. ఇంగ్లీషులో పచౌలీ అంటారట. బట్టలకు పురుగు పట్టనివ్వదు, వాసన వారాలపాటు పోదు, రోజులు గడిచేకొద్దీ తియ్యగా మారుతుంది. "దూదిమీద ఒక్క చుక్క వేసి జేబులో పెట్టుకో, అంతే" అని మరీ మరీ చెప్పాడు. నూనెను చుక్కల్లో వాడేవాళ్ళుంటారా? మా ఇంట్లో శనివారం వచ్చిందంటే గిన్నెడు నూనె నెత్తిన పోసి చరిచేవాళ్ళు. ఆ అలవాటున సీసా మొత్తం అరచేతిలో ఒంపి మాడుకు పట్టించాను. చిక్కగా, పాకంరంగులో ఉంది. ముందు చల్లగా అనిపించింది, తరువాత మాడు మండింది, ఆపైన తడిమట్టీ కర్పూరమూ పాత చెక్కపెట్టే కలిసినట్టున్న వాసన వీధి చివరిదాకా పోయింది. సీకాయతో రెండుసార్లు తలంటుకున్నా అది పోనంటే పోనంది. మర్నాడు మిల్లులో మేస్త్రి ముక్కు మూసుకుని, "ఏమిరా, ఇది ఆస్పత్రికి పోయే గుడ్డ. దీనికి నీ వాసన అంటుకొనిందంటే పుండు మానేదానికి ముందే రోగి లేచి పరిగెత్తుతాడు. వాసన పోయినాక రా, పో!" అని గేటు బయటికి తరిమాడు.

కాళ్ళు వాటంతటవే చోళపురం బస్సెక్కాయి. (నా పక్కన ఎవరూ కూర్చోలేదు.) ఆడి నెలలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు కదా, అందుకని వాళ్ళ పత్తిచేనులో బావి దగ్గర నక్కాను. మధ్యాహ్నం కూలివాళ్ళకు కూడు తీసుకుని మా ఇంటిదే వచ్చింది. నన్ను చూసి అదిరిపడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, తలకు ఏమి పూసినారు?"

"నా వాసన నీకు పడదని..."

"ఎవురు చెప్పినారు? సిగ్గుకు మొహం తిప్పుకొంటే వాసనకు అనుకొన్నారా?" అని నవ్వేసింది. ఆ నవ్వు చూడడం నాకు అదే మొదలు.

అంతలో వాళ్ళమ్మ గొంతు వినిపించింది. మా ఇంటిది నన్ను పంపుసెట్టు గదిలోకి తోసి తలుపు మూసింది.

"ఏమే, ఏమి వాసన ఇది?"

"పత్తికి పురుగుమందు కొట్టినారమ్మా."

అత్తగారు వాసన పట్టుకుని తిన్నగా వచ్చి తలుపు తీశారు. "ఆడి నెలలో చేనులో దూరి కూచొనుండే అల్లుణ్ణి నేను ఎక్కడా చూడలేదప్పా! ఊరు నవ్వదా? మా అమ్మాయి పరువు ఏమి కావాల?"

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు మా ఇంటిది మా ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది. "ఆయన్ని తిట్టవద్దమ్మా. నేనే రమ్మని కార్డు రాసినాను."

కార్డూ లేదు, గీర్డూ లేదు! నెలకు పది మాటలు మాట్లాడని పిల్ల నాకోసం కన్నతల్లి ఎదుట అబద్ధమాడింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి (నూనె ఘాటుకని అత్తగారికి చెప్పాను). అత్తగారు మమ్మల్ని కాసేపు మార్చి మార్చి చూసి, "సరి సరి, వచ్చినది వచ్చినారు. కూడు తిని, ఎవురి కంటా పడకుండా బస్సెక్కండి" అని నవ్వాపుకుంటూ పక్కకు తిరిగారు.

ఆడి నెల ముగిసినా ఆ వాసన పోలేదు. మేస్త్రి నన్ను మూటలు ఎత్తే పనికి మార్చాడు. ఇప్పుడు నూనె పట్టించుకోవడానికి నెత్తిన జుట్టే లేదు. అయినా ఒంటరిగా బస్సులో కూర్చుని చోళపురం పోయిన ఆ వెర్రివాణ్ణి తలచుకుంటే ముద్దొస్తుంది. అప్పుడప్పుడూ మా ఇంటిదాన్ని అడుగుతుంటాను, "అవునే, ఆ కార్డులో ఏమని రాసినావు?" అని.

"చదివే కదా వచ్చినారు, నన్ను అడుగుతారేమి?" అంటుంది.