కొట్లో పడుకున్న బావ

మా బావకి ఎవరో ఉందట. ఫొటో ఫ్రేముల కొట్టు ఆయనది. చదువు మానేశాక నేను అక్కడే ఫ్రేముల వెనక కాగితం అంటిస్తాను. వారం రోజులుగా ఆయన రాత్రిళ్లు కొట్లోనే పడుకుంటున్నాడని పక్క కొట్టు కుట్టుమిషనావిడ వీధంతా టముకు వేసింది.

"ఏం నాయనా, ఇంట్లో మంచం ఇరుకైందా?" అంది ఓ ఉదయం గుమ్మంలో నిలబడి.

"నా గురకకి పక్కింటివాళ్లే ఇల్లు ఖాళీ చేసేట్టున్నారు పిన్నీ" అని బావ నవ్వేశాడు.

నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు అక్కకి చెప్పేశాను. బావని కడిగేస్తుందనుకున్నా. అక్క గిన్నె తోముతూనే, "కొట్లో పడుకోమన్నది నేనే" అంది.

"ఎందుకక్కా?" అన్నాను.

నిరుడు అక్క రెండు నెలలు మంచం దిగలేదు, తల దువ్వుకోలేదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకున్నాకే మళ్లీ మనిషైంది. అంతవరకే నాకు తెలుసు.

"ఏడుపు పోయిందే. దాంతోపాటు ఆ కోరికా పోయింది. మీ బావ చెయ్యి వేస్తే కొయ్య మీద వేసినట్టే. తనంటే ఇష్టం పోయిందని ఆయన దిగులు. ఎన్నాళ్లని నటించను? అందుకే ఆయన్ని కొట్టుకి పంపేశా, మాత్రలూ మానేశా. నాలుగు రోజులైంది."

గిన్నె కింద పెట్టింది అక్క. లేవబోయి తల తిరిగి గోడ పట్టుకుంది. మళ్లీ ఆ మంచమేనా అనిపించింది. కొట్టుకి పరుగెత్తాను.

విని బావ కోస్తున్న గాజు అడ్డంగా విరిచేశాడు. "మాత్రల వల్లా? నా వల్ల కాదా?" అంటూ చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరాడు.

అక్కని తీసుకుని ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. మాత్రలు మానేసిందని విని డాక్టరమ్మ సూటిగానే అడిగింది. "పడక దగ్గర ఇబ్బందా?"

నేను నేల చూశాను. అక్క తలూపింది.

"ఈ మందులతో ఆడవాళ్లకీ మగవాళ్లకీ చాలామందికి ఇలా అవుతుంది. కోరిక తగ్గుతుంది, తృప్తి అందదు. మగవాళ్లకి పటుత్వమూ తగ్గొచ్చు. చెప్పడానికి సిగ్గుపడి టక్కున మానేస్తారు, అదీ ప్రమాదం. మందు మార్చి చూద్దాం."

"మీరు ముందే చెప్పాల్సింది కదండీ?" అంది అక్క.

"అవునమ్మా. నేనే అడగాల్సింది."

ఆ రాత్రే బావ చాప చుట్టుకుని ఇంటికొచ్చాడు. ఆరు వారాలైంది. పూర్తిగా కాదు గానీ కాస్త నయమని అక్క నా చెవిలో చెప్పింది.

అదెవరో బావని వదిలేసి పోయిందని కుట్టుమిషనావిడ ఇప్పుడు చెబుతోంది. మాత్రల సంగతి వీధికి తెలియొద్దని అక్క అడిగింది. అందుకే బావ బదులు చెప్పడం లేదు.