వరసలో చివరి దీపం

మా పల్లెలో గంగమ్మ జాతరకు ఇంటికొక పిండిదీపం కదులుతుంది. అరవై ఇళ్ళకు అరవై. అందులో చివరి దీపం మా పక్కింటి మునిలక్ష్మక్కది. మొగుడు సుబ్రమణ్యం ఇల్లరికం వచ్చినవాడు కాబట్టి, పుట్టింటి దీపంతో పాటు పుట్టింటి నిందా ఆవిడకే దక్కింది.

హేవిళంబి జాతరలో, అంటే 1837లో, అమ్మవారి వెండికన్ను ఒకటి పోయింది. ఈ కథను పూజారి ఏటా అప్పజెబుతాడు, ఒక్క ఏడాదీ మరచిపోడు. అక్క వంశంలో రెడ్డెప్ప అనే ఆయన కూడా ఆ రోజుల్లోనే మాయమయ్యాడు. ఇంకేం, మా పెద్దలు రెంటికీ ముడిపెట్టేశారు. అప్పటి నుంచి ఆ ఇంటి దీపం చివర. చింతతోపు మలుపులో ముందువాళ్ళు రేపిన దుమ్మంతా మింగుతూ, "ఓరి రెడ్డెప్పా, నీ సేతులిరగా!" అని తిట్టడం ఆవిడకు మొక్కులో భాగమైపోయింది. "సచ్చేలోగా ఒక్కసారన్నా ఈ చివర తప్పల్ల లతా" అనేది నాతో.

మొన్న మాఘంలో సుబ్రమణ్యంతో పాటు మేమిద్దరం మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయాం. నా నోరు ఊరుకోదు కదా. మా చెల్లెలి కూతురు నీరజ కుప్పంలో చరిత్ర చదువుతోందనీ, మద్రాసు నుంచి మారిషస్ చెరకుతోటలకు కూలీలను తీసుకెళ్ళిన ఓడల జాబితాలు వెతుకుతోందనీ చెప్పాను. "దాంట్లో మన పక్కోళ్ళు గూడా ఉండారంట" అన్నాను. అంతే! టమోటా పెట్టెలు మొగుడికి అప్పజెప్పి, నన్ను రెక్క పట్టుకుని బస్సు దగ్గరికి లాక్కుపోయింది. ఆ పరుగులో నా చెప్పు తెగింది.

కుప్పంలో నీరజ కంప్యూటరు తెరిచింది. రెడ్డెప్పలు పదకొండు మంది! కలకడవాడొకడు, నిమ్మనపల్లెవాడొకడు, బైరెడ్డిపల్లెవాళ్ళు ఇద్దరు... మా పుంగనూరు పక్కవాళ్ళే ముగ్గురు తేలారు.

"వీళ్ళల్లో మనోడు యాడుండాడే?" అని అక్క తెరను వేలితో పొడిచింది.

"మనిషి గుర్తులు రాసుంటారు పెద్దమ్మా, ఉండు" అంది నీరజ.

మొదటివాడికి నుదుట గాయం. రెండోవాడికి మెడమీద పుట్టుమచ్చ. మూడోవాడికి, "ఎడమకాలి రెండో వేలూ మూడో వేలూ అతుక్కుని..." అని నీరజ చదువుతుండగానే అక్క తన కాలెత్తి కీబోర్డు పక్కన పెట్టేసింది. అతుక్కున్న రెండు వేళ్ళు! వాళ్ళ నాయనకూ అంతే, తాతకూ అంతే.

"ఓడ ఎప్పుడు బయల్దేరిందే పాపా?"

"1837, మార్చి పన్నెండు."

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. మార్చి అయ్యాక ఉగాది, ఉగాదితో హేవిళంబి, ఆ తర్వాత జాతర. "అక్కా, హేవిళంబి పుట్టకముందే మీవోడు సముద్రంలో ఉండాడు!" అని అరిచాను. ముగ్గురం చేతులు పట్టుకుని గంతులేశాం. పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సు కండక్టరుకు కూడా అక్క తన కాలు చూపించింది.

ఊళ్ళో జాతర పెద్ద గిరిబాబు, నీరజ అచ్చుతీసిచ్చిన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అట్లయితే కన్ను ఎవురు తీసినట్టు?" అన్నాడు. అప్పటిదాకా నవ్విన జనం పక్కవాళ్ళ ఇళ్ళ వైపు చూడడం మొదలుపెట్టారు.

"నాకేం తెలుసప్పా, మీరే ఎతుక్కోండి. నా దీపం మాత్రం ఈ తూరి ముందర" అంది అక్క. పూజారి కాదనలేకపోయాడు.

జాతరనాడు పట్టుచీర కట్టి అందరికన్నా ముందు నిలబడింది. ఆ మొహం చూడాలి! వెనక మాత్రం ఒకటే తోపులాట. చివర నిలబడితే దొంగ తమ ఇంట్లో పుట్టినట్టే కదా. గిరిబాబు పెళ్ళాం దీపంతో సహా పరుగెత్తి నడుమ దూరింది. నేను కొంగు సర్దుకుని తలెత్తేసరికి నా వెనక ఎవరూ లేరు.

పలక డప్పులు మోగాయి. ముందు యాభై తొమ్మిది వీపులు, కళ్ళ నిండా దుమ్ము. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ స్నేహంలో ఒక్క జాతరకైనా నేను వెనక్కి తిరిగి అక్కను చూడలేదని గుర్తొచ్చేసరికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఇంతలో ఒక దీపం వరస పక్కనుంచి వెనక్కి రావడం కనిపించింది.

"ముందరేముందే, పలకల మోతకు సెవులు పగిలిపోతాండాయి. జరుగు, ఈడ దారి నాకు బాగా తెలుసు" అంటూ అక్క నా పక్కన చేరింది. ఇద్దరం నవ్వుకుంటూ నడిచాం.

చింతతోపు మలుపు రాగానే అలవాటుగా నోరు తెరిచింది. "ఓరి రెడ్డెప్పా..." అని ఆగిపోయింది. గాలికి దీపం ఆరకుండా కొంగు అడ్డం పెట్టింది.

"ఆ ఓడలో కడుపుకింత కూడన్నా పెట్టినారా నాయనా నీకు?"