మొదటి గేరులో ఆపిన కారు

శుక్రవారం వచ్చే బగారా అన్నం మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. రుచికి వంక పెట్టలేను. డబ్బా మరీ పెద్దది. మా షాపులో పనిచేసే మౌలా, శుక్రవారం నమాజు ముగించుకుని ఇంటి మీదుగా వస్తూ ఆ డబ్బా తెస్తాడు. ఆయన భార్య జైనబీ నా కోసమే కట్టి పంపుతుంది. బగారా అన్నం, ఖట్టీ దాల్, పైన రెండు కబాబులు. ఏమన్నా మిగిలిస్తే మర్నాడు ఆమె దగ్గర్నుంచి కబురొస్తుంది, సేటుకు ఒంట్లో బాగాలేదా అని. కాబట్టి మొత్తం తింటాను. ఆరేళ్లుగా తింటున్నాను. ప్యాంట్లు రెండు సైజులు పెరిగాయి.

డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఆయన యంత్రం మీద తూగనిది ఇంకొకటి ఉంది. అది కూడా ఆరేళ్ల నాటిదే. ఆ ఇంట్లో వాళ్లు నన్ను మేలు చేసినవాడిగా అనుకుంటున్నారు. ఆ డబ్బా అందుకే వస్తోంది. నేను ఆ మనిషికి చేసిందేమిటో ఇప్పుడు మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పడం తేలిక. ఇది కూడా ఒక రకం పిరికితనమేనని తెలుసు.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. వాటిలో ఒకదాంట్లో నేను నాలుగేళ్ల చదువును ఐదేళ్లపాటు శ్రద్ధగా చదివాను. ఎలక్ట్రానిక్స్. తర్వాత సాగర్ రోడ్డు మీద కార్ల సామాను షాపు పెట్టాను. సీటు కవర్లు, మ్యాట్లు, కెమెరాలు, రిమోట్ స్టార్టులు. ఈ చివరిదే నా కథ.

రిమోట్ స్టార్టంటే, వరండాలో నిలబడి బటన్ నొక్కితే కారు తనంతట తానే స్టార్టవుతుంది. మనం చెప్పులు వేసుకుని వెళ్లేలోపు ఏసీ లోపలంతా చల్లబరుస్తుంది. మే నెలలో మా వైపు ఎండ చూసినవాళ్లెవరూ దీన్ని విలాసమనరు. ఇందులో రెండు రకాలున్నాయి. కంపెనీ నుంచే బిగించి వచ్చేది అనుమానం మనిషి. తలుపులు వేశారా, బానెట్ మూశారా, గేరు ఎక్కడుంది, అన్నీ చూసుకుంటుంది. ఒక్కటి తేడా వచ్చినా ససేమిరా అంటుంది. మా వైపు దాన్ని ఎక్కువగా ఆటోమేటిక్ గేరున్న ఖరీదైన కార్లలోనే చూశాను. మాలాంటి షాపులవాళ్లు తర్వాత బిగించేది అమాయకపు మనిషి. మేం వైర్లతో ఏం చెబితే అది నమ్ముతుంది.

చేత్తో గేరు మార్చే కారు క్లచ్ తొక్కితేగానీ స్టార్టు కాదు. రిమోట్ నొక్కినప్పుడు తొక్కడానికి లోపల మనిషి ఉండడు కదా. అందుకని క్లచ్ దగ్గర రెండు వైర్లు కలిపేస్తాం. ఎవరో తొక్కే ఉన్నారని కారు అనుకుంటుంది. అంటే పనే ఒక అబద్ధంతో మొదలవుతుంది. దానికి విరుగుడు మిషన్‌లోనే ఉంటుంది. కారు ఆపేటప్పుడు ఇంజను నడుస్తుండగానే న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, దిగి తలుపులు లాక్ చేయాలి. అప్పుడు మిషనే ఇంజనును ఆపుతుంది. కారు గేరులో ఉంటే, క్లచ్ మీంచి కాలు తీయగానే కుదుపుతో ఆ సంగతి బయటపడుతుంది కాబట్టి, ఇదొక పరీక్ష. ఈ పరీక్ష జరిగితేనే తర్వాత రిమోట్ మాట వింటుంది.

మంచాల మండలంలో ఒక ఊళ్లో జంగారెడ్డి అనే పెద్ద రైతు ఉన్నాడు. బడంగ్‌పేట్‌లో ఉండే ఆయన బామ్మర్ది కొత్త కారు కొని, అందరూ భోంచేస్తుండగా ఫోనుతో స్టార్టు చేసి చూపించాడట. అది జంగారెడ్డికి ఎక్కడో తగిలింది. వారం తిరక్కుండా తన కారు తెచ్చి రిమోట్ స్టార్టు బిగించమన్నాడు. బిగించాను. మూడో రోజే మళ్లీ వచ్చాడు.

"ఏమయ్యా ఇంజినీరూ, బండి ఆపుటానికి గింత తతంగమా? మా బామ్మర్ది బండి గిట్ల సతాయిస్తలేదు. తీసెయ్ గదంత."

తీసేశాను. సెట్టింగులో ఒక నిమిషం పని. ఆ పరీక్షను నా చేత్తో ఆపేశాను.

జంగారెడ్డి బయట ఫోను మాట్లాడుతున్నాడు. ఆయన డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. అతనే మౌలా. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో డ్రైవరు. నేను ఇంకో కారుకు కెమెరా బిగిస్తూ డిక్కీలో తల దూర్చి ఉన్నాను.

"సారూ, నేను బండి మొదటి గేర్ల ఉంచే ఆపుత. అలవాటు. గీ మిషన్‌తోని ఏమన్న అయితదా?"

తల ఎత్తలేదు.

"ఏం కాదు మౌలా. దానికన్ని తెలుసు."

"అవ్ మల్ల. సదువుకున్నోళ్లు చేసిండ్రు, మనకేం ఫికర్," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ అలవాటు నాకు తెలియదా? మంచాల వైపు ట్రాక్టరు నడిపి కారెక్కినవాళ్లెవరూ హ్యాండ్‌బ్రేకును నమ్మరు. మొదటి గేరులో పెట్టి, వెనక చక్రం కింద రాయి పెడతారు. మా నాన్న జీపు కూడా అలాగే ఆపేవాడు. తెలుసు. మరి ఎందుకలా అన్నాను? నిజం చెబితే ఆ పరీక్షను మళ్లీ పెట్టాలి, దాని కోసం జంగారెడ్డితో వాదించాలి, అసలు ఎందుకు తీసేశావని ఆయనే నన్ను అడిగితే జవాబు వెతుక్కోవాలి. అదంతా ఒక మధ్యాహ్నం పని. పైగా గేరులో ఉన్న కారు చాలాసార్లు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. ఆ 'చాలాసార్లు' మీద ఒక ఇంటి మనుషులను వదిలేశాను.

ఆ ఏడాది మే నెలలోనే ఒకరోజు పొద్దున పది గంటలకు జంగారెడ్డి ఇంటివాళ్లు నాదర్‌గుల్‌లో పెళ్లికి బయల్దేరుతున్నారు. కారు వాకిట్లో గోడకు ఎదురుగా ఉంది. ఎప్పటిలాగే మొదటి గేరు, వెనక చక్రానికి వెనకవైపు రాయి. ఆయన భార్య విజయమ్మ గోడ దగ్గరున్న నల్లా కింద చేతులు కడుక్కుంటోంది. జంగారెడ్డి వరండాలోంచి బటన్ నొక్కాడు. కారు ఆగిపోలేదు. ముందుకు ఉరికి ఆమె కాలిని గోడకు నొక్కేసింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

మర్నాడు నన్ను పిలిపించారు. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. జంగారెడ్డి అన్నదమ్ములు కూర్చున్నారు. మౌలా నల్లా దగ్గర నిలబడి ఉన్నాడు. నేను అందరూ చూస్తుండగానే స్టీరింగు కింద చేయి పెట్టి మిషన్ పీకి, చెక్ చేయాలని చెప్పి బ్యాగులో వేసుకున్నాను. నా బ్యాగులోకి వెళ్లింది సాక్ష్యమని అక్కడ ఎవరికీ తెలియదు. చదువు ఇలాంటప్పుడు చాలా ఉపయోగపడుతుంది.

"చెప్పు ఇంజినీరూ. మిషన్ ఖరాబైందా, వీడు ఖరాబ్ చేసిండా?" అన్నాడు జంగారెడ్డి.

"మిషన్ మంచిగనే ఉంది పటేలా. న్యూట్రల్ల పెట్టి ఆపాలని మౌలాకు ఆనాడే చెప్పిన."

మౌలా నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. కాదని అరిచి ఉంటే నేను నిలబడలేకపోయేవాణ్నేమో. అతను తన జ్ఞాపకంలో వెతుక్కుంటున్నాడు. కళ్లు పైకెత్తి, నిజంగానే వెతుక్కుంటున్నాడు. చివరికి అన్నాడు:

"చెప్పిండేమో పటేలా. నాకే యాదికి లేదు."

తన చెవులకంటే నా డిగ్రీని ఎక్కువ నమ్మాడు. ఆ డిగ్రీ సంగతి నాకు తెలుసు.

జంగారెడ్డి అతన్ని పనిలోంచి తీసేశాడు. అజాగ్రత్త మనిషని పేరు పడింది. చుట్టుపక్కల ఎవరూ బండి చేతికివ్వలేదు. ఇస్తామన్నా అతను పట్టుకునేవాడు కాదు. కొన్ని నెలల తర్వాత నేనే పిలిచి షాపులో పనిచ్చాను. ఊరంతా నా మంచితనం చూసింది. జైనబీ మొదటి డబ్బా ఆ వారం శుక్రవారమే పంపింది.

ఇప్పుడు సీటు కవర్ల పనిలో మౌలాను మించినవాడు మా రోడ్డు మీద లేడు. డ్రైవరు సీటుకు కవరు తొడిగేటప్పుడు మాత్రం అందులో కూర్చోడు. బయట నిలబడి, వంగి, నడుము పట్టుకుని తొడుగుతాడు. రిమోట్ స్టార్టు అడిగిన ప్రతి మనిషిని పక్కకు పిలిచి చెబుతాడు: "సారూ, నేను బండి గేర్ల ఉంచి ఒక తల్లి కాలు ఇరగ్గొట్టిన. మీరు గట్ల చెయ్యకుండ్రి." ఆ సమయంలో నేను స్క్రూడ్రైవరు పట్టుకుని రెండు గజాల దూరంలో ఉంటాను. నెలకు మూడు నాలుగుసార్లు వింటాను. విన్న కస్టమర్లు ఇంత నిజాయితీ ఉన్న షాపు ఇంకోటి లేదంటారు. నేనిప్పుడు ఆ పరీక్షను ఎవరడిగినా తీయను. దీన్ని పశ్చాత్తాపం అనవచ్చా? జాగ్రత్త అంటే సరిపోతుందేమో.

అతన్ని పంపించేయలేను. తప్పు చేసినవాణ్ని ఆదుకున్నానన్న కృతజ్ఞతతో అతనూ నన్ను వదలడు. ఒకే గదిలో ఇద్దరం ఉన్నాం, తాళం నా దగ్గరే ఉంది, తీస్తే ముందు నా మొహం కనబడుతుంది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ టీ తాగుదామా మౌలా అన్నాను. ఆరేళ్లలో మేం చాలా టీ తాగాం.

పోయిన నెల అతని పెద్ద కూతురు కారు నడపడం నేర్చుకుంటానని అడిగింది. డిగ్రీ అయిపోయింది, ఆడవాళ్ల క్యాబులు నడిపే పని ఏదో దొరుకుతుందని ఆశ. షాపు ముందే అడిగింది. మౌలా కవరు కుడుతూ, "వద్దు బిడ్డా. మన చెయ్యి మంచిది కాదు," అన్నాడు. ఆ పిల్ల తన చేతుల వైపు చూసుకుంది.

ఆ ఆదివారం చెప్పేద్దామనే బయల్దేరాను. మౌలా ఇల్లు మా షాపు వెనక వీధిలోనే, నడిచి వెళ్లేంత దూరం. నేను కారు తీశాను. దాన్నిబట్టే నాకు అర్థం కావాల్సింది. కారు మంచాల రోడ్డెక్కింది. కాలు విరిగిన మనిషికి కదా ముందు చెప్పాలి అని దారి పొడవునా నాకు నేనే వాదించుకున్నాను. అది న్యాయమేనా? లేక ఆమె ప్రతి పొద్దునా వచ్చి నా షాపు షట్టరు ఎత్తే మనిషి కాదు కాబట్టా?

విజయమ్మ వరండాలో కాలు చాపుకుని కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. పక్కన చేతికర్ర. జంగారెడ్డి ఇంట్లో లేడు. నిలబడే అంతా చెప్పాను. సెట్టింగు తీసేసిన సంగతి, మౌలా అడిగిన మాట, నేనిచ్చిన జవాబు, వాకిట్లో ఆడిన అబద్ధం, బ్యాగులో వేసుకున్న మిషన్. ఆరేళ్లు మోసింది చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చెప్పాక ఛాతీలోకి నిండుగా గాలి వెళ్లింది. అది కూడా దాచను. ఆమె కర్ర పక్కన నిలబడి నేను హాయిగా ఊపిరి తీసుకున్నాను.

ఆమె చేతులు ఆగలేదు. చేతిలో ఉన్న కాయ ఒలిచి, గింజలు చేటలో వేసి, తలెత్తి చూసింది.

"కాలుదేముంది బిడ్డా, అలవాటైంది. మౌలాకు చెప్పినవా?"